వైఫై పెట్టెకు దేశాచారము

ఇంటికి వచ్చిన చుట్టమునకు కాళ్లకు నీళ్లిచ్చుటతోపాటు వైఫై పాస్‌వర్డు కూడ చెప్పవలసిన కాలమిది. గడచిన వేసవిలో మేమును అట్లే చెప్పితిమి. వచ్చినవాడు పరాయివాడు కాడు, మా వారి తమ్ముడు. అయినను మా యింటి వైఫై ఆతనిని లోనికి రానియ్యలేదు. రానియ్యకపోవుట యేల, అసలు ఆతని కంటబడనే లేదు.

ఆతడు అమెరికాలోని డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. మా అత్తగారికి మోకాలి శస్త్రచికిత్స జరుగనుండగా, తల్లి చెంత మూడు వారములుండవలెనని తిరుపతికి వచ్చెను. సెలవులు ముందే ఖర్చయిపోయినందున, ఇచ్చటినుండియే పని చేయుదునని కచేరీవారి నొప్పించి వచ్చినాడు. అచ్చటి పగలు మనకు రాత్రి గదా! రాత్రి యేడు గంటలు మొదలు మూడున్నర వఱకు కంప్యూటరు ముందు నుండవలెను. ఆ యేర్పాటు కుదరనియెడల తిరుగు ప్రయాణమే. శస్త్రచికిత్సకు ఇంకను నాలుగు దినము లుండెను.

మొదటి రాత్రి ఆతని లాప్‌టాపులో ఇరుగుపొరుగువారి వైఫై పేర్లు వరుసగా కనబడినవి, మాది కనబడలేదు. మా ఫోనులలో మాత్రము మా పేరు మొదటి వరుసలోనే వెలుగుచుండెను. మేము పెట్టెను ఆర్పి వెలిగించితిమి. ఆతడు కంప్యూటరును ఆర్పి వెలిగించెను. “వదినా, మన ఇల్లు తప్ప వీధంతా కనబడుతోంది” అని నవ్వబోయెను గాని నవ్వు రాలేదు. మంచముమీదనుండి మా అత్తగారు, “కన్నతల్లి ఇల్లు కనపడని కంప్యూటరేందిరా అది!” అనిరి. ఆ రాత్రికి మా వారి ఫోనునుండి ఇంటర్నెట్టు పంచి యెట్లో గడపితిమి.

మేము బడికి పోయి చదివినవారము కాము. ఇంట మా తాతగారి యొద్ద కావ్యములు, కొంత వ్యాకరణము చెప్పుకొంటిమి. యంత్రములు మా విద్య కావు. అయినను వ్యాకరణము చదివినవారికి నియమము, దానికి అపవాదము అను మాటలు క్రొత్తవి కావు. ఈ వైఫై సంగతి మఱునాడు మా వారితోను మఱదితోను కూర్చుండి విచారించుకొలది, ఇది యంత్రముల కథ కంటె నియమముల కథయే యని మాకు తోచినది.

వైఫై పెట్టె, అనగా రౌటరు, ఒక చిన్న రేడియో కేంద్రము. ఆకాశవాణివారు తమకు కేటాయించిన తరంగముమీద పాడినట్లే, ఇదియు తనకు కేటాయించిన తరంగములమీద మాటలాడును. అందు మొదటి వరుస 2400 మెగాహెర్ట్జుల నుండి 2483.5 వఱకు నున్నది. దీనిని చానళ్లుగా విభజించిరి. ఒకటవ చానలు నడిమిచోటు 2412. అచ్చటినుండి అయిదేసి మెగాహెర్ట్జుల కొకటి చొప్పున పోగా పదుమూడవది 2472 వద్ద నుండును. ఒక్కొక్క పెట్టె పలుకు సుమారు 20 మెగాహెర్ట్జుల వెడల్పు గలది గనుక ప్రక్కప్రక్క చానళ్లు ఒకదానిపై నొకటి పడును. సాధారణముగా ఒకటి, ఆఱు, పదునొకండు చానళ్లను ఒకదాని నొకటి తాకనివని యెంచుకొందురు. వంటింటి మైక్రోవేవు పొయ్యి పనిచేయు తరంగమును ఇందే, 2450 దాపున, ఉన్నది. పాలు వెచ్చబెట్టు సమయముననే దూరదేశమందున్న బిడ్డతో వీడియోలో మాట తెగిపోవుచున్నచో, తప్పు బిడ్డది కాకపోవచ్చును.

మన దేశములో పదుమూడు చానళ్లకును అనుమతి కలదు. అమెరికాలో అమ్ము యంత్రములు సాధారణముగా పదునొకండుతో నిలిచిపోవును. ఏలయన 2483.5కు పైనున్న తరంగములను ఆ దేశము వేఱు కార్యములకై కట్టుదిట్టముగా కాపాడుచున్నది. పండ్రెండు, పదుమూడు చానళ్ల ధ్వని ఆ గట్టుమీదుగా చిందకుండవలెనన్నచో బలమును మిక్కిలి తగ్గింపవలెను. ఆ శ్రమ యెందులకని తయారుచేయువారు వానిని మూసివేయుదురు. జపానువారు 2484 వద్ద పదునాలుగవ చానలును గూడ ఒప్పుకొనిరి, కాని వైఫైలో మిక్కిలి ప్రాతదైన పద్ధతికి మాత్రమే.

మా వీధిలో ఇండ్లన్నియు ఒకటి, ఆఱు, పదునొకండు చానళ్లమీద క్రిక్కిఱిసి యున్నవి. మా పెట్టె తనంతట తాను తెఱపియైన చోటు వెదకుకొని పదుమూడవ చానలున కూర్చున్నది. ఇరుగుపొరుగువారికి అడ్డురాకుండుట మంచి గుణమే; కాని అమెరికాలో కొన్న లాప్‌టాపు పదుమూడవ చానలు వైపు చెవి యొగ్గదు. సముద్రములు దాటి తిరుపతికి వచ్చియు అది అమెరికా ధర్మమునే పాటించుచుండెను. రౌటరు అమరికలలోనికి పోయి చానలును పదునొకండుగా మార్చినంతనే మా యింటి పేరు దానిలో వెలిగెను. పని రెండు నిమిషములది. దాని వెనుకనున్న సంగతి మాత్రము మమ్ము చాల దినములు పట్టియుంచినది.

రేడియో తరంగమునకు పొలిమేర తెలియదు. కావుననే దేశములు ముందుగా తమలో తాము ఒడంబడికలు చేసికొనవలసివచ్చెను. 1865లో పారిసులో తంతివార్తలకై పుట్టిన సంఘమే నేడు జెనీవాలో నున్న అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘము. తంతిలేని వార్తలనుగూర్చి పలు దేశములు 1906లో బెర్లినులో ఒడంబడిక చేసికొన్నవి. ఆ సంఘము లోకమును మూడు ఖండములుగా భాగించినది. ఐరోపా, ఆఫ్రికాలు మొదటి దానిలోను, అమెరికాలు రెండవ దానిలోను, మన భారతదేశము మూడవ దానిలోను చేరును. కాని ఈ స్థూలవిభాగమునకు లోబడి, తన గడ్డమీద ఏ తరంగమును ఎవరు ఎంత బలముతో వాడవచ్చునో ప్రతి దేశమును తానే నిర్ణయించుకొనును. చిత్తూరునుండి బస్సెక్కినచో ఒక వైపు వేలూరు, ఒక వైపు కోలారు. దుకాణముల పలకలమీద లిపి మాఱును, సాంబారు రుచి మాఱును. రేడియో చట్టము మాత్రము మాఱదు. మన రాజ్యాంగములో ఈ విషయము కేంద్ర ప్రభుత్వపు జాబితాలోనిది. అదే విమానమెక్కి సముద్రము దాటినచో చట్టమే వేఱు.

వేఱన్నచో ఎంత వేఱో యొక్క ఉదాహరణము చాలును. పైన చెప్పిన మొదటి వరుసలో మన ప్రభుత్వము 2005 జనవరిలో లైసెన్సు అక్కఱలేదని ప్రకటించుచు, ఏంటెనా ఒక దిక్కునకు కూడగట్టు బలముతో సహా 4 వాట్ల వఱకు ఒప్పుకొన్నది. ఐరోపాలో అదే వరుసకు హద్దు వాటులో పదవ వంతు. నలువది రెట్ల భేదము! ఒకే కర్మాగారమున పుట్టిన ఒకే పెట్టె అచ్చట గుసగుసలాడవలెను, ఇచ్చట గొంతెత్తి మాటలాడవచ్చును.

మఱి దానికి తానెచ్చట నున్నదో యెట్లు తెలియును? ఈ ప్రశ్న మాది కాదు, మా అత్తగారిది. “పెట్టెకు మనం ఏ దేశంలో ఉండామో ఎట్ల తెలుస్తుందమ్మా?” అని వారు శస్త్రచికిత్సకు ముందునాటి సాయంకాలము అడిగిరి. భయము మఱచుటకే అడిగియుందురు. మాకు అప్పుడు తోచిన ప్రత్యుత్తరము సంకల్పము. పూజకు కూర్చున్న గృహస్థు ఏ ద్వీపము, ఏ వర్షము, శ్రీశైలమునకు ఏ దిక్కు, ఏ నదుల నడుమ, ఏ సంవత్సరము, ఏ తిథి అని దేశకాలములు చెప్పుకొనక కర్మ ఆరంభింపడు. వైఫై పెట్టెయు నోరు తెఱచుటకు ముందు సంకల్పము చెప్పుకొనవలసినదే. దాని సంకల్పము రెండక్షరములు. మనకు ఐ, ఎన్. అమెరికాకు యు, ఎస్. జపానుకు జె, పి.

అనేక రౌటర్లలోను ఆండ్రాయిడు ఫోనులలోను మూలమున పనిచేయునది లినక్సు అను సాఫ్టువేరు. దానికి తోడుగా దేశాచారముల పట్టిక యొకటి కలదు. మా మఱది దానిని తెఱచి చూపెను. గూఢభాష యేదో యుండునని మేము భయపడితిమి గాని, అది చూచుటకు మన యింటి పద్దు పుస్తకమువలెనే యున్నది. ముందు దేశము, దాని క్రింద వరుసలు. ఈ తరంగమునుండి ఈ తరంగము వఱకు, ఇంత వెడల్పు, ఇంత బలము మించరాదు. కొన్ని వరుసల చివర షరతులు: ఇంటిలోపల మాత్రమే యనియు, రేడారు లేదని విన్న పిమ్మటనే యనియు. ఏ దేశమైనను తన గెజెటులో నియమము మార్చినప్పుడు ఎవరో యొకరు ఆ గెజెటును చూపి, ఈ వరుసను ఇట్లు దిద్దుడని వ్రాసి పంపుదురు. పట్టికను కాపాడువారు సరిచూచి చేర్చుకొందురు. పిమ్మట దానిమీద గణితముతో కట్టిన సంతకము పడును. నడుమ ఎవరైనను ఒక్క అంకె దిద్దినను ఆ సంతకము సరిపోలదు; సరిపోలని పట్టికను లినక్సు అంగీకరింపదు. మన గ్రామకరణముల లెక్కలకు ఇట్టి సంతకముండినచో ఎన్ని పొలముల తగవులు తప్పియుండెడివో!

దేశము తెలియనప్పుడు చేయవలసినది కూడ ఆ పట్టికలో కలదు. దేశపు రెండక్షరములకు బదులు రెండు సున్నలు వేసి, లోకములో ఎచ్చటనైనను తప్పుకాని కొద్దిపాటి నియమములు వ్రాసియుంచిరి. అప్పుడు యంత్రము మొదటి పదునొకండు చానళ్లలో మాత్రము స్వేచ్ఛగా పలుకును. తక్కినచోట్ల తానై నోరు మెదపదు, వినుచుండును. చుట్టుపట్ల నున్న ఏ వైఫై పెట్టెయైనను తన పేరుతోపాటు దేశపు అక్షరములను గూడ మాటిమాటికి చాటుచున్నచో, వానినిబట్టి తానున్న దేశమును గ్రహించును. క్రొత్త ఊరిలో పెద్దమనిషి నడచుకొను తీరు ఇట్టిదే.

యంత్రమునకు పుట్టుకతోనే ఒక దేశపు నియమము లోపల ముద్రింపబడి, ఇప్పుడున్న చోటు వేఱొక దేశమైనచో? లినక్సు పెట్టుకొన్న పద్ధతి వినినచో మన పాఠకురాండ్రు నవ్వుదురు. రెండు దేశములును ఒప్పినదే చేయవలెను; ఏ యొక్కటి కాదన్నను మానవలెను. పుట్టినింట చెల్లిన వెల్లుల్లి అత్తవారింట చెల్లదు, అత్తవారింట చెల్లిన వంకాయ పుట్టినింటి వ్రతములో చెల్లదు, రెండిండ్లకును ఒప్పిన కూరయే కోడలికి మిగిలినది. లోకములో ఈ బాధ మనకే యనుకొంటిమి!

ఫోనులది మఱియొక దారి. ఫోను సెల్‌టవరుతో మాటలాడును. టవరు తన దేశసంఖ్యను చెప్పును. మన దేశమునకు 404, 405 అను సంఖ్యలు. అనేక ఫోనులు దానినిబట్టి తమ వైఫై నియమములను మార్చుకొనును. మా ఫోనులకు పదుమూడవ చానలు కనబడి, సిమ్ము లేని లాప్‌టాపునకు కనబడకపోవుటలోని మర్మ మిదియే.

శస్త్రచికిత్స చక్కగా జరిగినది. అయిదవ దినమున అత్తగారిని ఇంటికి తెచ్చితిమి. ఆమెకు క్రింది గదిలో పడక. రాత్రులు నిద్ర చెడకుండ మఱది మేడమీది గదిలో పని చేయవలెను. అచ్చటికి వైఫై సన్నగిల్లినది. మాటలాడుచుండగా బొమ్మ నిలిచిపోవుచుండెను. దుకాణపు కుఱ్ఱవానిని పిలిపించితిమి. వాడు పెట్టెను చూచి, “ఇండియా తీసేసి వేరే దేశం పెడితే పవరు పెరుగుతుందమ్మా, అందరికీ అట్లే చేస్తాండాం” అనెను. వాని ముఖమున కపటము లేదు. తాళము తప్పినచో దారము వేసి బిగించునట్టి ధోరణి. మా మఱదికి ఆ రాత్రి పది గంటలకు ముఖ్యమైన సమావేశము. ఆతడు మా వారి వైపు చూచెను. మా వారు మా వైపు చూచిరి.

మేము వలదంటిమి. అబద్ధపు సంకల్పము మాట యటుండ, అందు ప్రయోజనము లేదని మాకు తోచినది. వైఫై ఒకవైపు ప్రసంగము కాదు, సంభాషణము. పెట్టె ఎంత గట్టిగా అఱచినను మేడమీది లాప్‌టాపు గొంతు పెరుగదు గదా. దాని మాట క్రిందికి వినబడకున్నచో సంభాషణము తెగినట్లే. చూడగా మా పెట్టె ఇనుప బీరువా వెనుక, ఫ్రిజ్జు ప్రక్కన, నేలమట్టమున నుండెను. లోహము తరంగములను అడ్డగించును. దానిని తీసి మెట్లమలుపున ఎత్తైన గూటిలో పెట్టించితిమి. దేశము మార్చవలసిన పని లేకపోయెను. దుకాణపు కుఱ్ఱవాడు గూటికి కొట్టిన రెండు మేకులకు మాత్రము డబ్బు పుచ్చుకొనెను.

ఈ దేశము మార్చు విద్య మన వీధులలోనిదే కాదు. 2016లో అమెరికా ప్రభుత్వపు సమాచారశాఖ ఒక పేరొందిన రౌటర్ల కంపెనీతో రెండు లక్షల డాలర్ల జుల్మానాకు రాజీ చేసికొన్నది. కొన్నవారు దేశపు అక్షరములు మార్చి అనుమతికి మించిన బలముతో నడుపుకొను వీలు ఆ కంపెనీ రౌటర్లలో నుండుటయే నేరము. అయితే పెట్టెలకు మఱీ గట్టి తాళములు వేసినచో, సాఫ్టువేరును తెఱచి బాగుచేసికొను విద్యార్థుల, పరిశోధకుల దారులు మూసికొనునని అంతకు ముందేడాదినుండియే అచ్చట గగ్గోలు పుట్టియుండెను. కావున ఆ రాజీలోనే, ఇతరుల సాఫ్టువేరునకు చోటిచ్చుచు రేడియో నియమము మాత్రము చెడని మార్గములు వెదకవలెనని కూడ వ్రాసికొనిరి. తాళము పెట్టెంతకు వేయక నగల అఱకు మాత్రము వేయుమన్నట్లున్నది. మాకిది న్యాయముగా తోచినది.

బలము కొంచెము మించినంత మాత్రమున మునిగిపోవున దేమి యని కొందఱు అడుగుదురు. ప్రత్యుత్తరము మన జిల్లాలోనే కలదు.

తిరుపతినుండి చిత్తూరు పోవు దారిలో గాదంకి యను పల్లెయున్నది. అచ్చటి జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 130 మీటర్ల చదరమున 1024 ఏంటెనాలు వరుసలు దీరి నిలిచియుండును. ఆ రేడారు 53 మెగాహెర్ట్జుల తరంగమును ఆకాశమునకు పంపి, గాలిపొరలనుండి తిరిగివచ్చు ప్రతిధ్వనిని వినును. మొదట నిర్మించినపుడు 32 ట్రాన్స్‌మిటర్లు కలిసి 2.5 మెగావాట్ల శిఖరబలముతో పంపెడివి. తిరిగివచ్చునది లెక్కకు అందనంత సన్నని గుసగుస. అంతటి గుసగుస వినవలెనన్నచో చుట్టుప్రక్కల రేడియో సద్దు లేకుండవలెను. దాని తరంగమునకును మన వైఫైకిని చాల దూరము. మన పెట్టె దానిని బాధింపదు. కాని రేడారన్నది పలుకుదానికంటె వినుదానికై పుట్టిన యంత్రమని తెలియుటకు ఇది మంచి యుదాహరణము.

బాధింపగల రేడార్లు వేఱే యున్నవి. వైఫై రెండవ వరుస 5150 మెగాహెర్ట్జులనుండి 5875 వఱకు, నడుమ కొంత విడిచి, పోవును. ఈ తరంగములు సీ-బ్యాండు అను ప్రాంతములోనివి. ఆ ప్రాంతమున ఎన్నో దేశములలో వాతావరణపు రేడార్లు, నౌకల రేడార్లు, సైనిక రేడార్లు వైఫైకి ముందునుండియే యున్నవి. 2022లో మన తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోటలో రాకెట్ల గమనమును కనిపెట్టు రేడార్లును సీ-బ్యాండువే. మా యింటి పెట్టె వానిని చెడగొట్టునని మేమనుట లేదు. పొరుగున ఎవరున్నారో తెలిసి మెలగుట మంచిదనుచున్నాము.

2003లో జరిగిన ప్రపంచ రేడియో సభ ఈ తరంగములను వైఫైకిచ్చునపుడే, రేడారు వాడు భాగములలో నొక కట్టుబాటు పెట్టినది. పెట్టె పలుకుటకు ముందు వినవలెను. అమెరికా, ఐరోపాల నియమములలో ఆ వినుట ఒక నిమిషము. పని నడుమ రేడారు సద్దు వినబడినచో పది సెకండ్లలో ఆ చానలును విడిచిపోవలెను. ముప్పది నిమిషముల వఱకు మరల అచ్చట కాలు పెట్టరాదు. ఐరోపాలో 5600 నుండి 5650 వఱకు గల భాగమున వాతావరణపు రేడార్లుండును గనుక అచ్చట పది నిమిషములు విని తీరవలెను.

ఈ జాగ్రత్త ఉత్తుత్తి కాదు. పోర్టోరికో ద్వీపమున సాన్ హువాన్ విమానాశ్రయమున విమానములు దిగుచోట ఆకస్మికమైన గాలిమార్పులను కనిపెట్టు రేడారు కలదు. 2009లో దాని తెఱమీద చారలు కనబడసాగినవి. వెదకగా, ఇండ్లపైనను స్తంభములపైనను ఆరుబయట పెట్టిన రెండవ వరుస వైఫై వంటి యంత్రముల కారణమని తేలినది. విమానము దిగు వేళ గాలి తిరుగుట తెలియకున్నచో ఏమగునో చెప్పనక్కఱలేదు. మా మఱది ఈ సంగతి చెప్పినది తిరుగు ప్రయాణమునకు వారము ముందు, అత్తగారికి వినబడనియ్యలేదు.

మేడమీద పని సాఫీగా సాగుటకు మఱది మా రౌటరును రెండవ వరుసలోని నడిమి చానలునకు మార్చెను. మార్చినంతనే వైఫై మాయమయ్యెను. అందఱము కంగారుపడితిమి. గూటిలో దీపము మాత్రము మిణుకుమిణుకు మనుచుండెను. ఒక నిమిషము గడచిన పిమ్మట దానంతట అది వచ్చినది. “ఏమైంది?” అని అత్తగారు క్రిందినుండి కేకవేసిరి. “రేడారు ఉందేమో అని వింటోందమ్మా” అని మఱది చెప్పెను. “పోనీ, ఈ ఇంట్లో ఒకటన్నా మాట్లాడేముందు వింటోంది” అనిరి అత్తగారు.

ఆమెకు రేడియో చట్టము క్రొత్త కాదు. చిత్తూరు దాపున ఆమె పుట్టినింట పెద్ద వాల్వుల రేడియో యుండెడిదట. 1933 నాటి చట్టముప్రకారము రేడియో వినుటకే లైసెన్సు కావలెను. ఏటేట పోస్టాఫీసుకు పోయి రుసుము కట్టి పుస్తకమున స్టాంపు వేయించుకొని రావలెను. ఒక యేడు కట్టుట మఱచి, తనిఖీవారు వచ్చుచున్నారని వినగానే మా అత్తగారి తల్లి రేడియోమీద దుప్పటి కప్పి దానిపై బియ్యపు చేట పెట్టిన కథ మా యింట ఇప్పటికిని చెప్పుకొందురు. 1980వ దశకమున ఆ లైసెన్సులు పోయినవి. నాడు వినుటకే అనుమతి కావలసియుండగా, నేడు ప్రతి యింటను పలికెడి రేడియో కేంద్రమే యున్నది. పోస్టాఫీసు లేదు, పుస్తకము లేదు, తనిఖీవారు లేరు. అనుమతి పత్రము పోలేదు, పెట్టెలోనికి దిగిపోయినదని మా వారనిరి. అది నిజము. రెండవ వరుసను మన ప్రభుత్వము 2005లో ఇంటిలోపలి వాడుకకు తక్కువ బలముతో ఒప్పి, 2018 అక్టోబరులో నడిమి భాగమును చేర్చి మొత్తము 605 మెగాహెర్ట్జులను ఆరుబయట వాడుకకును తెఱచినది. ఎవరి లైసెన్సును అడుగకుండ ఇంత తెఱచుటకు ధైర్యమెచ్చటిది? పెట్టెలోని పట్టిక మాట తప్పదను నమ్మకము కొంత, పట్టికకు మనము చెప్పు దేశము నిజమై యుండునను నమ్మకము కొంత.

కావున సోదరీమణులు తమ యింటి రౌటరు అమరికలలో దేశము అను చోట ఇండియా యని యున్నదో లేదో ఒకసారి చూచుకొనవలెను. క్రొత్తది కొనునపుడు మన దేశమునకై అమ్ముదానినే కొనవలెను. సాఫ్టువేరు క్రొత్తదైనప్పుడు వేయించుకొనవలెను, ఏలయన పట్టికయు దానితోనే మాఱును.

విదేశములనుండి బిడ్డలు ప్రేమతో తెచ్చు పెట్టెల సంగతి మాత్రము చిక్కైనది. మా మఱదియు ఒకటి తెచ్చెను, నల్లని కొమ్ములతో తేలువలె నుండెను. మిక్కిలి ఖరీదైనది. అమెరికాలో అమ్ము రౌటర్లలో దేశము మార్చుకొను వీలు సాధారణముగా నుండదు. అదియుగాక, ఆ దేశము 2020లో 5925 నుండి 7125 వఱకు 1200 మెగాహెర్ట్జులను వైఫైకి తెఱచినది. ఐరోపా 2021లో 5945 నుండి 6425 వఱకే యిచ్చినది. మన ప్రభుత్వము 2025 మే నెలలో ముసాయిదా నియమములు ప్రకటించునపుడు 5925 నుండి 6425 వఱకు గల క్రింది భాగమునే పేర్కొన్నది. ఆ పెట్టె మాత్రము తాను డల్లాసులోనే యున్నాననుకొని పైభాగమునను పలుకును. మఱది ముఖము చిన్నబుచ్చుకొనెను గాని, సంగతి తెలిసినవాడు గనుక వాదింపలేదు. పెట్టె అట్టపెట్టెలోనే యుండిపోయెను.

ఇరువదియొకటవ దినమునాటికి అత్తగారు చేతికఱ్ఱతో వాకిలిదాక నడచిరి. మఱది ఒక్క రాత్రియు పని తప్పలేదు. ప్రయాణపు సామాను తూచునపుడు ఆ రౌటరు పెట్టెలో చేరగా బరువు మించినది. పండుమిరప పచ్చడి జాడీ యొకటి తీసివేయవలసివచ్చెను. అత్తగారు ఆ జాడీని ఇంకను ఎవరిచేతను ముట్టనియ్యలేదు.